వంశవృక్షములును ఛాయాపటములును: ప్రామాణ్యవిచారము

ఇటీవల మన దేశమున స్వకుటుంబ వంశవృక్షములను సంకలించి యచ్చొత్తించు నాచారము ప్రబలినది. అట్టి పుస్తకములు పదియో పండ్రెండో నా కంటబడినవి. వాని ధోరణి యించుమించుగ నొక్కటియే. మొదట గోత్రప్రవరలు, పిదప మూలపురుషుడు, అతడొక రాజునొద్ద నగ్రహారము వడసెననుట, ఆ తరువాత పేరుల పట్టిక, కడపట పాత ఛాయాపటములు. సంకలనకర్తల శ్రద్ధ మెచ్చదగినదే. కన్నవారి పేరులు మఱవకుండవలెనను కోరికకంటె నుత్తమమైన కోరిక యేమి కలదు? కాని వారిలో బెక్కురు ప్రమాణమునకును బ్రమాణాభాసమునకును గల భేదమును బాటింపరు. పేరుల పట్టికను శంకించువారు సైతము పటమును జూచినంతనే శంక మానుదురు. "ఇదిగో పటము, ఇంకేమి సాక్ష్యము కావలయును?" అని వారి సమాధానము.

ఈ సమాధానము నిలువదు. పటము ముఖమునకు మాత్రమే ప్రత్యక్షప్రమాణము. "ఈతడు మా ముత్తాత" యనునది పటములో లేదు. అది చూపువాని నోట నున్నది. అనగా నది శబ్దప్రమాణము. శబ్దము ప్రమాణము కావలెనన్న చెప్పువాడాప్తుడు కావలెను, ఆప్తుడు విషయము నెఱిగినవాడు కావలెను. ఈ చిన్న సంగతిని మఱచుటచే నెట్టి చిక్కులు వచ్చునో, దానిని బాటించుటచే నెట్టి మేలు కలుగునో చూపుటయే యీ వ్యాసోద్దేశము.

వంశకథనమును విమర్శించుట మనకు గొత్తగాదు. మన శాసనపరిశోధకులు తరతరములుగ జేయుచున్న పని యదియే. వేంగీచాళుక్యుల తామ్రశాసనములనే చూడుడు. 7వ శతాబ్దినుండి యా రాజుల శాసనములు మానవ్యసగోత్రులు, హారీతీపుత్రులు అను బిరుదములతో దమ్ము దాము వర్ణించుకొనినవి. రానురాను వానిలో బూర్వరాజుల పేరులతో గూడ నొక్కొక్కడెన్నేండ్లు రాజ్యము చేసెనో యా లెక్కయు జేరినది. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, ఇంద్రభట్టారకుడు 7 దినములు, కొక్కిలి 6 మాసములు. ఏడు దినములు మాత్రమే యేలినవానిని విడువక వ్రాసిన లేఖకుని నిజాయితీకి నమస్కరింపవలసినదే. ఫ్లీటు పండితుడు వేంగీరాజుల కాలక్రమమును గూర్చుటకు నీ లెక్కలే యాధారము. లెక్కలన్నియు నేకీభవింపవు. నరేంద్రమృగరాజను విజయాదిత్యునకు గొన్ని శాసనములు 44 ఏండ్లును, గొన్ని 48 ఏండ్లును నిచ్చుచున్నవి. ఐనను భేదమున్నదని తెలియుటయే మేలు. భేదములేని పట్టికను జూచిన నాకు భయము కలుగును.

11వ శతాబ్దికి వచ్చుసరికి విమలాదిత్యుని రణస్తిపూండి శాసనాదులలో నొక క్రొత్త తల మొలిచినది. చంద్రుడు, బుధుడు, పురూరవుడు మొదలుగా వంశము దిగివచ్చును. అయోధ్యయందు 59 మంది చక్రవర్తులేలిరట. పిదప నొక విజయాదిత్యుడు దక్షిణాపథమునకు వచ్చి త్రిలోచనపల్లవునితోడి యుద్ధమున గూలెనట. గర్భవతియైన యాతని దేవి ముడివేము అగ్రహారమున విష్ణుభట్టసోమయాజి యాశ్రయమున గొడుకును గనెనట. నాలుగువందల యేండ్ల క్రిందటి శాసనముల కీ కథ తెలియదు. కాలము గడచినకొలది జ్ఞాపకము తగ్గవలసియుండగా నిచ్చట బెరిగినది! వంశచరిత్ర పైనుండి క్రిందికి దిగివచ్చెనేని దానిని శంకింపుము. క్రిందినుండి పైకి మెట్టుమెట్టుగ నెక్కెనేని పరిశీలింపుము. ఇది నేను బాటించు మొదటి నియమము.

మఱియొక సంగతియు నిక్కడ గలదు. వేంగీరాజులలో విజయాదిత్యుని కొడుకు విష్ణువర్ధనుడు, వాని కొడుకు మరల విజయాదిత్యుడు, వాని కొడుకు విష్ణువర్ధనుడు. తాత పేరు మనుమనికి బెట్టుట మన యాచారము. రాజ్యకాలపు లెక్క లేకున్నచో నీ విజయాదిత్యులలో నిద్దఱిని గలిపి యొక్కనిగా జేయుట యెంత సులభము! పేరు మనిషి కాదు. దీని ప్రయోజనము ముందు తెలియును.

కాకతీయుల తొలితరములు బయటపడిన విధమును గూడ నొక్కమాటలో జెప్పవలెను. 956లో దానార్ణవుడిచ్చిన మాంగల్లు శాసనమున గాకర్త్యగుండ్యనుని పూర్వులు పేర్కొనబడిరి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున జెఱువు త్రవ్వించి వేయించిన శాసనమున వెన్నడు మొదలుకొని యా వంశక్రమము కలదు. రెంటిని బ్రక్కప్రక్కన నుంచి పోల్చి, గుండ, ఎఱ్ఱ నామములవారు రెంటను నొక్కరేయని పరబ్రహ్మశాస్త్రిగారు నిరూపించిరి. ఒకదాని నొకటి యెఱుగని రెండు సాక్ష్యములు కలిసినవి గావున నా నిర్ణయము బలమైనది. ఆ వంశక్రమమును రాతిపై నిలిపినది పుట్టినింటి నుండి వెడలిన యాడుబిడ్డ యని మన వంశవృక్షకర్తలు గమనింతురుగాక. వారి పుస్తకములలో నాడువారి పేరులకు గొమ్మలు లేవు.

కావ్యావతారికల మాట వేఱు. అందలి కృతిపతి వంశవర్ణనము చరిత్రకు మిక్కిలి యుపకారియే. కాని యది దాతయెదుట జదివిన మాట. మనుచరిత్రావతారికలోని రాయల వంశవర్ణనపద్యములు కొన్ని యాముక్తమాల్యదయందును గానవచ్చుటచే నవి రెండు సాక్ష్యములు కావు, ఒక్కటియే. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నమును దన తండ్రి యమరనామాత్యునకే యంకితమిచ్చి స్వవంశమును జెప్పుకొనుటచే నచ్చటి మాటకు దగ్గఱితరములపట్ల విలువ హెచ్చు, దూరతరములపట్ల గాదు.

ఇక సామాన్యకుటుంబములు. వీరికి దామ్రశాసనములు లేవు, కృతులు లేవు. ఐనను నాధారములు తక్కువ కావు. కరణముల దండకవిలెలు కలవు. కర్నలు మెకంజీ కాలమున గావలి సోదరులు మొదలగువారు వానినే చూచి కైఫీయతులు వ్రాసికొనిరి. చెన్నరాజధానిలో 1858లో నేర్పడిన యీనాముల కమీషనువారి రిజిస్టరులలో నీనాముదారుని పేరు, వయస్సు, మొదట నీనాము పొందినవానితో నాతనికిగల సంబంధము మొదలగునవి గడులుగా వ్రాయబడినవి. ఇవి కచ్చేరీ కాగితములుగదా యని కన్నుమూసి నమ్మరాదు. ఈనాము నిలుపుకొనుటకు బ్రాచీనత చూపవలసినవాడు తన వంశమును బొడిగించుకొనుట సహజము. కాని యా దినమున బ్రదికియున్నవాని పేరు, వయస్సులపట్ల నవి మేలైన సాక్ష్యములు. కాశీగయలలో బండాల బహీలయందు యాత్రికుడు తన చేతితోనే తన తండ్రితాతల పేరులు వ్రాసియుండును. అది మఱింత మేలు. రిజిష్టరు దస్తావేజులలో బ్రతివాని పేరునకును దండ్రి పేరు తోడై యుండును.

వీని యన్నిటికంటె నింటింట నున్నదియు, నెవ్వరును లెక్కింపనిదియు నొకటి కలదు. అది తర్పణము. పితృపితామహప్రపితామహులను వసురుద్రాదిత్యరూపులుగా గోత్రనామములతో నుచ్చరింపవలెను గదా! తల్లి, తండ్రితల్లి, తాతతల్లి పేరులును జెప్పవలెను. అనగా మూడుతరముల పురుషులు, మూడుతరముల స్త్రీలు, ఏటేట పలుమాఱు లుచ్చరింపబడుచు, ఒకతరము దాటగానే యొక పేరు జారి క్రొత్తపేరు చేరుచుండును. అచ్చుపుస్తకమున లేని స్త్రీల పేరులు తర్పణపు చిట్టాలో దొరకును. దీనికి మూడు మెట్లకు మించి కన్ను లేదు. కాని యా మూడు మెట్లలో దీని కన్ను చెడదు. చెడగొట్టువారము మనమే. ఆ కథ మా యింటనే జరిగినది.

మా కుటుంబము దత్తమండలములది. శాఖాంతరమునకు జెందిన పెద్ద యొకరు శ్రమపడి మా వంశవృక్షము నచ్చువేయించిరి. మా శాఖకు వారి కాధారము మా తాతగారి తర్పణపు చిట్టా. మా తాతగారు చిన్నతనమునే గతించిరి గావున నడిగి తెలిసికొనుటకు వీలు లేకపోయెను. చిట్టాలో మొదట నొక పేరు, దానియెదుట "ధాత సం॥ మాఘ శుద్ధము" అని తిథి. రెండవది వేఱొక పేరు. మూడవది మరల మొదటి పేరే. సంకలనకర్తగారు మూడవదానిని లేఖకప్రమాదమని, పునరుక్తియని కొట్టివైచిరి. ధాత యనగా నా సీమలో నెవ్వరికైన స్ఫురించునది ధాతకఱవే. అది 1876-78 నాటిది. కావున మొదటి పేరువాడు కఱవులో బోయెనని వారు నిశ్చయించిరి. కఱవులో బోయినవాడు 20వ శతాబ్దిలో బుట్టిన మా తాతగారికి దండ్రి కాజాలడు గదా! అందుచే వారు క్రమమును దలక్రిందులుచేసి, మొదటివానిని దాతగాను, రెండవవానిని దండ్రిగాను నిలిపిరి. దీనికి దోడు మా యింటి నడవలో వ్రేలాడుచున్న పటమును "కఱవులో గతించిన మూలపురుషుడు" అను శీర్షికతో నచ్చొత్తించిరి.

నాకు మొదటి శంక కలిగినది చిట్టాను జూచి కాదు, పటమును జూచి. అందలి వ్యక్తి కుర్చీలో గూర్చున్నాడు. తలపాగా, పొడుగుకోటు, మీద నుత్తరీయము. కుడిప్రక్క నొక స్త్రీ నిలుచున్నది. కోటు జేబున నొక కలము తగిలింపబడియున్నది. సిరాతో నిండిన యట్టి కలములను వాటర్మను పేటెంటు పొంది యమ్మకమునకు దెచ్చినది 1884 ప్రాంతమున. జేబునకు దగిలించుకొను కొక్కెము వచ్చినది మఱియు దరువాత. ఇక 1876లో గతించినవాని జేబున నది యెట్లు వచ్చును? చిత్రకారుడు తరువాత దిద్దియుండునేమో యని యొక మిత్రుడనెను. పటములకు రంగులద్దువారు ఉంగరములు చేర్తురు, ఉత్తరీయమునకు జరీ చేర్తురు, చెవులకు గుండలములు పెట్టుదురు. కలము చేర్చినవానిని నేనెఱుగను. భూతద్దముతో జూచితిని. కలముమీద గుంచె పడలేదు. కాగితము గూడ దొలినాటి గుడ్డుసొన పూతకాగితము గాక బూడిదనలుపు వన్నెగల తరువాతి జెలటిను కాగితము. కాగితము మాత్రమే ప్రమాణమైనచో నిది పాతపటమునకు దీసిన ప్రతి యనవచ్చును. కలమున కట్టి సమాధానము లేదు.

పటము సుళువునిచ్చినది, చిట్టా నిర్ణయమిచ్చినది. ధాత యఱువదియేండ్ల కొకమాఱు వచ్చును: 1876, 1936, 1996. మొదటి పేరువాడు మొదటి ధాతలో గాదు, రెండవ ధాతలో గతించెను. చైత్రమున మొదలైన సంవత్సరమున మాఘము వచ్చుసరికి నాంగ్లవర్షము మాఱును గావున, సరిగ జెప్పవలెనన్న 1937 ఫిబ్రవరిలో. ఆతడే మా తాతగారి తండ్రి. రెండవవాడు తాత. మూడవవాడు ముత్తాత, ఆతని పేరే మునిమనుమనికి దండ్రియైనవానికి బెట్టబడినది. చిట్టాలో బునరుక్తి లేదు, లేఖకప్రమాదము లేదు. వసురుద్రాదిత్యక్రమము యథావిధిగ నున్నది. తరువాత దొరకిన యొక భూవిక్రయపు దస్తావేజున నీ పేరునకు దండ్రిపేరుగా రెండవపేరే యుండుటచే సంశయము తీరినది. మా వంశవృక్షమున నొక మనిషి పూర్తిగ మాయమైయుండెను. ఆతని పటము గోడపై నుండగానే యాతడు మాయమయ్యెను.

సంకలనకర్తగారిని నిందించుట నా యుద్దేశము కాదు. వారు చేసిన తప్పు మన గ్రంథపరిష్కర్తలందఱు నొకప్పుడో యింకొకప్పుడో చేసినదే. తనకు సరిపడని పాఠమును బ్రక్షిప్తమనియో పునరుక్తియనియో త్రోసివేయుట, త్రోసిన పిదప మిగిలినదానిని సరిపెట్టుటకు మఱియొకటి మార్చుట. తాళపత్రప్రతులలో గఠినపాఠమునే మొదట గాపాడవలెనని యెఱిగిన పండితులు తమ యింటి చిట్టాకు నీ మర్యాద యేల చూపరో తెలియదు.

ఛాయాపటముల కాలనిర్ణయమును గూర్చి యీ సందర్భమున గొంచెము చెప్పుట తగును. 1839కి బూర్వము లోకమున నెచ్చటను ఛాయాపటకళ ప్రకటితము కాలేదు. మన ప్రాంతపు సామాన్యగృహములకు బటములు వచ్చినది చాల దరువాత. దొరతనమువారు 1868-75 నడుమ నెనిమిది సంపుటములుగ బ్రకటించిన "పీపుల్ ఆఫ్ ఇండియా" యందు బెక్కు పటముల క్రింద జాతిపేరే కాని మనిషిపేరు లేదు. అట్టిపటము వంశచరిత్రకు బనికిరాదు. సికిందరాబాదున బటశాల నడపిన లాలా దీనదయాళు 1892లో ఘోషాస్త్రీల కొఱకు హైదరాబాదున వేఱొక పటశాల నేర్పఱచెను. ఆడువారి పాతపటము లరుదగుటకు గారణ మిందు గొంత తెలియును. పటశాలలలోని కుర్చీ, తివాసి, పూలకూజా, వెనుకటి చిత్రపు తెర, ఇవి పటశాలవారి సొత్తులు. కాబట్టి ముత్తాత చేతిలో లావుపాటి పుస్తకమున్నంతమాత్రమున నాతడు పండితుడని వ్రాయరాదు. ఉన్న పటములను జట్టమునుండి యూడదీసి వెనుకటి యట్టను బాఱవేయువారు గలరు. పటశాల పేరు, ఊరు, వరుససంఖ్య, పెన్సిలుతో వ్రాసిన పేరు, అన్నియు నా యట్టమీదనే యుండును. తాళపత్రగ్రంథమున గద్యను జింపివేయుటయు నిదియు సమానము.

ఇంతవఱకు జెప్పినది పటమును గుటుంబము దానై తీయించుకొన్న సందర్భము. కుటుంబము కోరక, ఇతరులు తీసినపటమే వంశమునకేకైకాధారమగు సందర్భమొకటి కలదు. అది సముద్రము దాటిన మన వారిది.

1834 నవంబరు 2వ తేదీన నట్లాసు ఓడలో వచ్చిన కూలీలతో మారిషసు ద్వీపమున నొప్పందపు కూలిపద్ధతి మొదలైనది. మొత్తముమీద నించుమించు నాలుగున్నర లక్షల భారతీయు లా ద్వీపమున దిగిరి. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వెడలిన తెలుగువారును గలరు. వారు దిగిన పోర్టులూయీ రేవుస్థలము, నేడు ఆప్రవాసీఘాట్ అనబడునది, 2006లో బ్రపంచవారసత్వస్థలమైనది. దిగిన ప్రతివానికి నొక సంఖ్య. ఆ సంఖ్యక్రింద నాతని పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, ఊరు, మండలము, ఓడపేరు, వచ్చిన తేదీ. పిదప వివాహముగాని మరణముగాని కలిగిన నా సంఖ్యకే చేర్చెదరు. ఈ రిజిస్టరులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపఱపబడియున్నవి.

మన శాసనములతో నీ రిజిస్టరును బోల్చుడు. శాసనము చంద్రునినుండి దిగును. రిజిస్టరు మనిషినుండి మొదలై యొక్కమెట్టు మాత్రమెక్కి, తండ్రిపేరు చెప్పి యాగిపోవును. ఇందు బొగడ్త లేదు, దాత లేడు. వ్రాసినవానికి గూలివానిని గొప్పచేయవలెనను కోరిక యెంతమాత్రమును లేదు. ప్రామాణ్యదృష్టితో జూచిన నిది యొక గుణమే. కాని వ్రాసినవానికి దెలుగు రాదు. చెప్పినవానికి జదువు రాదు. నడుమ దుబాసీ యెంతవఱకు దెలిసినవాడో! కాబట్టి సంఖ్య, తేదీ, ఓడపేరులపట్ల నది సాక్షి. పేరు, ఊరులపట్ల వినికిడి మాత్రమే.

ఇక బటములు. 1867లో నాద్వీపపు దొరతనమువారు చేసిన శాసనము ప్రకారము గడువు ముగిసిన పాతకూలీలు తమ పటముతోగూడిన పాసును వెంటనుంచుకొనవలెను. అది లేనివాడు దిమ్మరిగా బట్టుబడును. ఆ పటము ముచ్చటకై తీసినది కాదు. ఒకని పాసు నింకొకడు వాడకుండుటకు దీసినది. ఈ యిక్కట్టులనుగూర్చి 1871లో ఆడాల్ఫు ద ప్లేవిట్సు దొర సాయమున 9,401 మంది పాతకూలీలు మనవి పంపుకొనిరి, మఱుసటియేట రాజకీయవిచారణసంఘమేర్పడినది. అట్టి బంధనపుబటమే నేడా వంశమువారికి దమ యాదిపురుషుని యేకైకరూపము! మా యింటి పటమున దివాసి, పూలకూజా కలవు గాని పేరు తప్పు. ఆ పటములలో గౌరవము లేదు గాని మనిషి తప్పిపోడు, సంఖ్య యాతని బట్టుకొనియుండును. పరిశోధకుడు దేనిని గోరవలెనో నేను చెప్పనక్కఱలేదు. మనుమడు దేనిని గోరునో వేఱుగ జెప్పనక్కఱలేదు.

తెలుగుసంతతికి జెందిన మారిషసు రచయిత్రి నతాషా అప్పన్న 2023లో ఫ్రెంచిభాషలో బ్రకటించిన "లా మెమ్వార్ దెలావే" యీ విషయమున జదువదగిన గ్రంథము. వెలిసిపోయిన జ్ఞాపకమని దాని నామార్థము. 1872లో మారిషసున దిగిన తన పూర్వులను, వారికి గలిగిన సంఖ్యలను, తాను జూచిన తాతయవ్వల జీవితమును నామె యందు జెప్పినది. ఇట్టి కూలీల కథనే యామె 2003లో "లే రోషే ద పూద్ర్ దోర్" అను నవలగా వ్రాసియుండెను. ఒకే చేయి యొకే వస్తువును నిరువదియేండ్ల యెడమున రెండువిధముల ముట్టుకొన్నది. నవలకు నెడములు పూడ్చుకొను స్వాతంత్ర్యము కలదు, పూర్వులకథకు లేదు. మన వంశవృక్షకర్తలు చేయునది నవలాకారుని పని, వాడునది చరిత్రకారుని పేరు. నామెయందు నాకు నచ్చినదేమనగా, జ్ఞాపకము వెలిసిపోయినదని శీర్షికయందే యొప్పుకొనుట.

ఆమె యింటిపేరునే తీసికొని చూతము. మారిషసు తెలుగువారి యింటిపేరులు పెక్కు నిజమునకు నింటిపేరులు కావు. వచ్చినవాని పేరో, వాని తండ్రి పేరో కచ్చేరీపుస్తకమున గట్టిపడి వంశనామమైనవి. అప్పన్న, అప్పడు, వెంకటసామి, రామన్న, ఇట్టివి. దీనివలన రెండు నష్టములు. అసలింటిపేరు పోయినది. తాతపేరు మనుమనికి వచ్చు క్రమమునకు బదులొక్కపేరే యందఱికిని నంటుకొని, పేరునుబట్టి తరముల లెక్కించు నుపాయము పోయినది. పై వ్రాత యాంగ్లలిపి. అందు తకార టకారములకు, నకార ణకారములకు, లకార ళకారములకు భేదము లేదు. హ్రస్వదీర్ఘములకు నియమము లేదు. రమణయు రామన్నయు నొక్కతీరున వ్రాయబడవచ్చును. నాతాల్ రిజిస్టరులకును నిదే గతి. 1860 నవంబరు 16వ తేదీన డర్బనురేవు చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 వఱకు నచ్చట దిగిన 1,52,184 మందిలో జెన్నపట్టణమునుండి వెడలినవారే యెక్కువ.

ఇచ్చట దెలుగుపండితుని యక్కఱ కలదు. ఆ రిజిస్టరులను జదువుచున్నవారిలో బలువురు చరిత్రజ్ఞులే కాని తెలుగెఱిగినవారు కారు. ఒక పేరున "పైడి" కనబడిన విజయనగరపు పైడితల్లి జ్ఞప్తికి రావలెను. "నూక" కనబడిన ననకాపల్లి నూకాలమ్మ తోచవలెను. సింహాద్రి, సింహాచలము, అప్పన్న, అప్పడు, ఇవి విశాఖప్రాంతమున సింహాచలస్వామి పేర మ్రొక్కుబడిగ బెట్టు నామములు. మారిషసు తెలుగువారు నేటికిని సింహాద్రియప్పన్న భజనము చేయుదురు, అమ్మోరుపండుగ జరుపుదురు. పేరు నొకసాక్షి, భజనము వేఱొకసాక్షి. రెండును దమలో దాము మాటాడుకొనక యొకే దిక్కును జూపుచున్నవి. ఐనను నిది దిక్కే కాని యూరు కాదు. అప్పన్న యను పేరు సింహాచలముతో నే సంబంధము లేక, అప్పయు నన్నయు గలిసిన వట్టి గౌరవనామముగను దెలుగునాట నెల్లెడల గలదు. కాబట్టి పేరొక్కటే చూచి యొకవంశమును విశాఖమండలమునకు దోలరాదు; ఊరిగడిలోని యక్షరములను దాలూకాపేరుతోను మండలముపేరుతోను సరిచూచి, నాటి గ్రామపట్టికలలో నట్టి యూరున్నదేమో వెదకి, రెండుమూడూళ్లు సరిపడినచో రెండుమూడింటిని వ్రాసి యూరకుండవలెను.

మా పటముసంగతి ముగింపక వదలితిని. కుర్చీలోనివాడు మా తాతగారి తండ్రియని తేలినది; ప్రక్కను నిలుచున్న స్త్రీ భార్య యనియే మేమందఱమనుకొనియుంటిమి. చిట్టాలో నామె పేరు కలదు. కాని యామె సువాసినిగా బోయినట్లును, నప్పటికి మా తాతగారు పసివాడైనట్లును నచ్చటనే మఱియొక గుర్తు కనబడుచున్నది. పటములోని స్త్రీ కా వయస్సు సరిపడదు. అట్ట వెనుక బెన్సిలువ్రాత యొకపంక్తి కలదు. అందు మొదటి రెండక్షరములు తెలియుచున్నవి. తక్కినవి చెదపురుగు తిన్నది. మా ముత్తాత కొక యక్కగారుండిరని వినికిడి. ఆమె మెట్టినింటివారి యూరు దెలిసినది. వారి తర్పణపు చిట్టాకై జాబు వ్రాసియున్నాను.